బొండాలు వద్దన్న ఇల్లు

మా వారికి సిగ్గెక్కువ. పెళ్లైన కొత్తలో మగవాడికి ఇంత సిగ్గేమిటని ముచ్చటపడ్డాను, అమ్మాయి పుట్టాక విసుక్కున్నాను, ఆయనకి యాభై దాటాక ఆ సిగ్గుతోనే పోట్లాటకి దిగాను. ఆయన చెంబు పట్టుకుని నేరుగా దొడ్లోకి వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు. ముందు తోటలోకి నడుస్తారు. తలెత్తి రెండు చెట్లు చూస్తారు. రాలిన కొబ్బరి మట్టనొకదాన్ని పక్కకి లాగి పడేస్తారు. ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాక మాయమవుతారు. కడుపులో నొప్పిగా ఉంటే తలనొప్పి అని చెప్పే మనిషి. నేనేమో మనసులో మాట నోట్లో ఆగని దాన్ని. మా ఇద్దరి జాతకాలు కలిశాయని చెప్పిన పంతులుగారు దొరికితే అడగాల్సినవి చాలా ఉన్నాయి.

మాది ముమ్మిడివరం దగ్గర ఊరు. పెద్ద తుఫానుకి కోనసీమ తోటలన్నీ నేలకి ఒరిగిపోయిన రెండు మూడేళ్లకి జరిగిన సంగతి ఇది. మా చెట్లలో సగం ఆ ఒక్క రాత్రికే పడిపోయాయి. మిగిలిన చెట్ల కాయతోనూ, చుట్టుపక్కల కొన్న కాయతోనూ ఆయన కురిడీ చేసి అమ్మేవారు. కాయని అటక మీద ఏడాది పాటు కదపకుండా ఉంచితే లోపలి నీరంతా ఇగిరిపోయి కొబ్బరి గుండ్రంగా ఎండుతుంది. అదే కురిడీ. అయిందో లేదో ఆయన కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చెప్పేవారు. నీళ్ల చప్పుడు వినిపిస్తే మళ్ళీ అటకెక్కించేవారు. ఆ పనిలో మాత్రం ఆయనకి సిగ్గూ లేదు, తడబాటూ లేదు.

ఆ వేసవిలో ఆయన తోటలోకి వెళ్లడం ఎక్కువైంది. వెళ్తే తొందరగా రారు. వచ్చిన కాసేపటికే మళ్ళీ చెట్లు చూడాలంటారు. చూసి చూసి ఒకనాడు అడిగాను.

"ఏవండీ, ఆ చెట్లకేమన్నా తెగులొచ్చిందా? అస్తమానూ అక్కడే ఉంటున్నారు?"

"వేడి చేసిందే," అన్నారు, మొహం గోడవైపు తిప్పుకుని.

మా వైపు వేడి చెయ్యనిదంటూ ఏదీ లేదు. కళ్ళు మండినా వేడే, నోరు పూసినా వేడే, ఒంటేలు ఆగి ఆగి వచ్చినా వేడే. దానికి మందు కొబ్బరి బొండం. పొద్దున్నే పరగడుపున ఒకటి, ఎండెక్కాక ఒకటి. ఎవరూ డాక్టరుని అడగరు, అడగాల్సిన పని ఉందని కూడా అనుకోరు. అసలు బొండం మాకు మందు మాత్రమే కాదు, మర్యాద. ఇంటికి మనిషి వస్తే కుర్చీ వేసేలోపు ఎవరో ఒకరు చెట్టెక్కుతారు. మంచంలో ఉన్న మనిషిని చూడ్డానికి వెళ్తే చంకలో రెండు బొండాలు పెట్టుకునే వెళ్తాం. బొండం చెక్కి చేతికిచ్చాక వద్దనడం మాత్రం మా వైపు లేదు. అది బొండాన్ని కాదు, ఇచ్చిన మనిషిని వద్దన్నట్టు.

ఆయనకి పొద్దున బొండం తెచ్చిచ్చేది మా వదిన గారు, అంటే ఆయన అక్కగారు. కంచెకి అవతలి ఇల్లే ఆవిడది. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఆవిడ పెరట్లో గంగబొండం అనే రకం కొబ్బరి చెట్టు ఉంది. ఆ నీళ్లు తమ్ముడికి తప్ప ఇంకెవరికీ పోసేది కాదు. నేను ఒకసారి అడిగితే, నీకు జలుబు చేస్తుందమ్మా అంది. తమ్ముడికి వేడి చేసిందని తెలిశాక ఒకటి కాస్తా రెండైంది, రెండు కాస్తా మూడైంది.

కొత్తపేటలో చుట్టాల పెళ్లికి వెళ్లిన రోజున విషయం బయటపడింది. ఎండ మండిపోతోంది. పెళ్లివారు మర్యాదస్తులు, పందిట్లో ఎటు తిరిగినా బొండమే. ఆయన ఎవర్నీ కాదనలేదు. తిరిగి వచ్చే బస్సులో చెమటలు పట్టి, సీట్లో కూర్చోలేక, నిలబడలేక, కడ్డీ పట్టుకుని వంగిపోయారు. ఏంటండీ అంటే, తలనొప్పే అన్నారు. ఇంటికొచ్చేసరికి పొద్దుటి నుంచి ఒక్క చుక్క పొయ్యలేదని, పొత్తికడుపు ఉబ్బిపోయి రాయిలా ఉందని నేను చొక్కా ఎత్తి చూస్తేగానీ తెలియలేదు. కారు మాట్లాడి అమలాపురం తీసుకెళ్లాను.

అక్కడి సర్జన్ గారు పెద్దాయన, నిదానస్తుడు. బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట మీద ఒక చెయ్యి ఆనించి రెండో చేతి వేలితో టకటకా కొట్టి, చెవి వంచి విన్నారు. మా వారు అంత నొప్పిలోనూ కళ్ళు తెరిచి ఆ చప్పుడు విన్నారు.

"ఇంకా కురిడీ అవలేదండి. నీళ్లున్నాయండి," అన్నారు.

డాక్టరు గారు ఒక్క క్షణం అర్థంకాక చూసి, పగలబడి నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గొట్టం వేశారు. సంచి నిండిపోయింది, మార్చారు, మళ్ళీ నిండింది. ఆయన కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, నొప్పికి కాదు, హాయికి.

"ఎన్నాళ్ల నుంచండి ఈ ఇబ్బంది?" అని అడిగారు డాక్టరు గారు.

"ఇవాళ్టి నుంచేనండి."

"అబద్ధవండి! ఏప్రిల్ నుంచి తోటలోనే కాపురవండి ఈయన," అన్నాను నేను.

నన్ను బయటికి పంపి, ఆయన్ని పక్కకి తిరిగి పడుకోమని వేలితో పరీక్ష చేశారట. ఆ సంగతి ఆయన నాకు చెప్పనేలేదు, డాక్టరు గారే చెప్పారు. మూత్రాశయం కింద ప్రోస్టేట్ అని ఒక గ్రంథి ఉంటుంది, వయసుతో అది చాలామందికి పెరుగుతుంది, దానికి భయం లేదు అన్నారు. "కానీ మీవారికి అది గట్టిగా ఉందమ్మా. రక్తం తీసి, ఈ కాన్సర్ ఉందేమో చూడ్డానికి పంపిస్తున్నాను. అదే అయితే చిన్న ఆపరేషనొకటి ఉంది, వృషణాలు తీసేస్తాం. జబ్బు చాలాకాలం లొంగి ఉంటుంది."

లోపల మంచం మీద ఉన్న మనిషికి ఆ మాట వినిపించింది. తువ్వాలు మొహం మీదకి లాక్కున్నారు. ఇంటికొచ్చేదాకా ఆ తువ్వాలు తియ్యలేదు.

రక్తం ఫలితం వచ్చింది. అంతా మామూలే. కాన్సర్ జాడ లేదు. మా ఇంట్లో పండగైపోయింది. ఏ పరీక్షో తెలియకపోయినా, బాగుందంటే చాలని వదిన గారు ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి వీధంతా పంచింది. కాన్సరన్న మాట ఎవరికీ చెప్పలేదు గనక ఆ పూతరేకులెందుకో ఎవరికీ తెలియదు, అందరూ తిన్నారు. అమలాపురం డాక్టరు గారికి కూడా ఒక డబ్బా పట్టుకెళ్లాం. ఆయన డబ్బా తీసుకుని పక్కన పెట్టారు.

"రక్తం బాగుందంటోందమ్మా. నా వేలు బాగోలేదంటోంది. నేను వేలినే నమ్ముతాను," అన్నారు. కాకినాడ వెళ్లి ఆ గ్రంథిలోంచి ముక్క తీయించి పరీక్ష చేయించుకోవాలన్నారు.

మా వారు "ఆయ్" అన్నారు. ఆ "ఆయ్"కి అర్థం నాకు తెలుసు, వెళ్లరని. మర్నాడు పొద్దున్నే చీర మార్చుకుని గుమ్మంలో నిలబడ్డాను.

అప్పటికి ఎదుర్లంక దగ్గర గోదావరికి వంతెన లేదు. పంటు పడవ మీద దాటి యానాంలో దిగి కాకినాడ బస్సెక్కాలి. గొట్టం, దాని చివర సంచి అలాగే ఉన్నాయి. దిండు గలీబు కత్తిరించి ఆ సంచికి తొడుగు కుట్టాను, చేతిసంచిలా పట్టుకోవడానికి. పంటు మీద మా ఊరాయన ఒకాయన కలిశాడు.

"కాకినాడేనాండి? చేతిలో ఏంటండీ?"

"మా అమ్మాయికి ఊరగాయండి," అన్నారు మా వారు తడుముకోకుండా.

అమ్మాయి కాపురం కొత్తపేటలో. కాకినాడ దారిలో దానికి ఊరగాయేమిటని ఆ ఊరాయన అడగలేదు. కాస్త రుచి చూపించండని కూడా అడగలేదు, నయం. నేను రేవు వైపు తిరిగి చెంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. మా వారు కూడా గోదావరి వైపు చూస్తూ నవ్వుకోవడం కనిపించింది. ఆ ప్రయాణాలన్నిట్లో నాకు బాగా గుర్తున్నది ఆ నవ్వే.

కాకినాడలో ముక్కలు తీశారు. వాటిని చూసిన డాక్టరు గారికి అనుమానం వచ్చి హైదరాబాదు పంపారు, ఏవో ప్రత్యేకమైన రంగులు వేసి మళ్ళీ చూడాలని. ఆ ఫలితం రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చాక విశాఖ నుంచి వారానికోసారి వచ్చే కాన్సర్ డాక్టరు గారి దగ్గర కూర్చోబెట్టారు. కుర్రాడు, మా అల్లుడి వయసు ఉంటుంది. మాతో మాట్లాడేటప్పుడు బల్ల అవతల కూర్చోకుండా స్టూలు లాక్కుని మా ముందు కూర్చున్నాడు.

కాన్సరేనన్నాడు. కానీ ఆ గ్రంథికి మామూలుగా వచ్చే రకం కాదట. మామూలు రకం నెమ్మదిగా నడుస్తుంది, రక్తంలో తెలుస్తుంది, మగతనపు హార్మోను ఆపేస్తే తగ్గి కూర్చుంటుంది. ఇది చిన్న చిన్న కణాల రకం. ఎక్కువగా ఊపిరితిత్తుల్లో కనిపిస్తుంది, ఇక్కడ రావడం చాలా అరుదు. రక్తంలో జాడ వదలదు, అందుకే పరీక్ష బాగుంది. వారం వారానికీ పెరుగుతుంది.

"అమలాపురంలో చెప్పిన ఆ ఆపరేషన్ వల్ల దీనికి ఉపయోగం లేదండి. అది చెయ్యం," అన్నాడు.

నేను మా వారి వైపు చూశాను. మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లూ ఆయన దేనికి భయపడి చచ్చిపోతున్నారో అది తప్పిపోయింది. అది మంచి కబురు కాదని నేనెలా చెప్పను? నా చేత కాలేదు. ఆ వెలుగు చూస్తూ కూర్చున్నాను.

సెలైన్లో ఎక్కించే మందులున్నాయని, ఈ రకం వాటికి త్వరగా కరుగుతుందని చెప్పాడు. మళ్ళీ రాదని మాటివ్వలేను, కానీ మంచి రోజులు కొన్ని తప్పకుండా వస్తాయి అన్నాడు. అయితే ఒక అడ్డుంది. ఒంటేలు ఆగిపోయి వెనక్కి తన్నడంతో కిడ్నీలు రెండూ వాచిపోయాయి. మందేమో కిడ్నీల మీద మోటుగా పనిచేస్తుంది. అవి కోలుకుంటేనే మొదలుపెట్టగలం, ఆలస్యమైతే జబ్బు ముందుకి పోతుంది. ఇంకా ఏవో తినకూడనివి చెప్పి, చివర్న అన్నాడు:

"కొబ్బరి నీళ్లు చుక్క కూడా వద్దండి."

"నీళ్లే కదండీ అవి?" అన్నాను.

"మంచినీళ్లు ఎన్నైనా తాగమనండి. బొండం నీళ్లలో పొటాషియం అని ఒక ఉప్పు ఉంటుందమ్మా. కిడ్నీలు బాగుంటే బయటికి పోతుంది. బాగోకపోతే రక్తంలో పేరుకుంటుంది. ఎక్కువైతే గుండె ఆగిపోతుంది. ఇప్పటికే ఎక్కువుంది."

కోనసీమలో మనిషికి బొండం వద్దని చెప్పడం ఎంత కష్టమో ఆ విశాఖ అబ్బాయికి తెలియదు. తెలిస్తే ఇంకో రెండుసార్లు చెప్పేవాడు.

తిరిగి వస్తుంటే పంటు మీద ఎవరూ చూడని మూల మా వారు నా చేత తన చేతిలో చెయ్యి వేయించుకున్నారు. "ఎవరికీ చెప్పకే. జబ్బని చెప్పు, జ్వరమని చెప్పు. ఎక్కడో మాత్రం చెప్పకు. అక్కకి అసలు చెప్పకు." ఆ మొహం చూసి సరేనన్నాను.

దాంతో ఊరికి ఏం తెలిసింది? ఆయనకి ఒంట్లో బాగోలేదని తెలిసింది. ఏమిటో తెలియలేదు. ఇంకేముంది, మా అరుగు మీద బొండాల గుట్టలు. పొద్దున్న లేస్తే ఎవరో ఒకరు. నేను గుమ్మంలో నిలబడి, ఆయన పడుకున్నారండి, అరుగు మీద పెట్టండి, తర్వాత ఇస్తానండి అని బొంకేదాన్ని. పొయ్యి దగ్గర ఉన్నా, నూతి దగ్గర ఉన్నా చెవి వీధి గుమ్మంలోనే. అయినా రెండో వారం రక్తపరీక్షకి కాకినాడ వెళ్తే డాక్టరు గారి మొహం మాడిపోయింది. కిడ్నీలు కోలుకోలేదు సరికదా, ఆ ఉప్పు ఇంకా పెరిగింది. అప్పటికప్పుడు మంచమెక్కించి, గుండెకి వైర్లు పెట్టి, ఏవో ఇంజెక్షన్లు చేశారు.

"బొండం తాగారా?" అని అడిగాడు.

"లేదండి," అన్నాన్నేను, నమ్మకంగా. మా వారు సీలింగ్ ఫ్యాను వైపు చూస్తున్నారు.

ఇంటికొచ్చిన రోజున కాయల కొట్టు వెనక కొబ్బరి డొక్కల గుట్ట దగ్గరికి వెళ్లాను, పొయ్యిలోకి ఎండు డొక్కలు తెచ్చుకుందామని. పైన ఎండు డొక్కలు కప్పేసి, కింద పచ్చి బొండాలు. అన్నీ చెక్కినవే, అన్నీ ఖాళీవే. ఒకటి చేత్తో పట్టుకుని గదిలోకి వెళ్లి ఆయన ముందు పెట్టాను.

"ఏంటిది?"

మొహం గోడవైపు తిప్పుకున్నారు.

"నన్నడిగితే లేదని చెప్పేనే, ఆ డాక్టరు గారి ముందు! చచ్చిపోదామనుకుంటున్నారా? చెప్పండి, చచ్చిపోదామనుంటే ఆ మాటే చెప్పండి!"

"అక్క చెక్కి చేతిలో పెట్టేక ఎలా వద్దంటానే?" అన్నారు. "నువ్వు నూతి దగ్గరుంటే కంచె పక్క నుంచి వస్తది. ఏవనుకుంటది? పొద్దున్నే చెట్టు దింపించి, నా కోసం నిలబడ్డాది. ఎందుకు వద్దో చెప్పాలి కదా. ఎక్కడని చెప్పనే? చిన్నప్పుడు నాకు నీళ్లు పోసిన మనిషికి ఎక్కడ జబ్బని చెప్పను?"

నాకు పట్టలేనంత కోపం వచ్చింది. ఇంత పెద్ద జబ్బు, హైదరాబాదు దాకా వెళ్లి పేరు కనుక్కున్న జబ్బు, మందు ఉన్న జబ్బు. ఆ మందుకీ ఈయనకీ మధ్య ఉన్నదేమిటి? ఒక మొహమాటం. గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు, ఆయన పక్కన కూలబడి ఏడ్చాను. పెళ్లయ్యాక ఆయన ఎదుట అలా ఏడవడం అదే మొదలు. నాకు మీరు కావాలి అన్నాను. ఆ మాట కూడా అంతకుముందు ఎప్పుడూ అనలేదు. మా తరంలో ఎవరు అంటారు? రేపు ఆవిడ వస్తే నేనే చెప్పేస్తాను, మీ చేతిలో చెయ్యేసి మాట తప్పిన పాపం నాదే అన్నాను.

మర్నాడు పొద్దున వదిన గారు వచ్చింది. నేను ఇంట్లోనే ఉన్నానని చూసి కొంచెం తటపటాయించి, అయినా లోపలికొచ్చింది. చేతిలో చెక్కిన గంగబొండం. పైన తెల్లటి మీగడ కనిపిస్తోంది.

"అబ్బాయ్, తాగు. నిన్నంతా మొహం పీక్కుపోయింది," అంది.

నేను నోరు తెరిచాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపారు. మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నారు. గొట్టం, సంచి దుప్పటి కింద దాచి ఉన్నాయి. దుప్పటి తీసేశారు.

"అక్కా, అది కింద పెట్టు. నాకు ఒంటేలు పోసుకునే చోట కాన్సరు. ఇదిగో, గొట్టం వేసేరు. ఇది తీస్తే చుక్క రాదు. బొండం తాగితే గుండె ఆగిపోద్దంట. మందుంది, కిడ్నీలు బాగుపడితేనే ఇస్తారంట." ఊపిరి తీసుకున్నారు. "అక్కా, నాకు బతకాలనుంది. నువ్వు ఏవనుకున్నా సరే."

ఆవిడ బొండం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నీళ్లు చేతి మీదుగా కారి నేల మీద పడుతున్నాయి. ఆవిడ చూసుకోలేదు. చాలాసేపటికి మంచం కోడు దగ్గర నేల మీద కూర్చుంది.

"నాన్న కూడా ఇలాగే పోయేడ్రా," అంది. "పొట్ట ఉబ్బిపోయి. నువ్వు చిన్నోడివి, నీకు తెలీదు. వేడి చేసిందన్నారు. అందరం బొండాలే పోసేం. నా చేత్తోనే పోసేను. ఆయనా చెప్పలేదు, మేవూ అడగలేదు."

ఆయన మంచం దిగి ఆవిడ పక్కన కూర్చోబోయారు, గొట్టం అడ్డమొచ్చింది. నేను సంచి పట్టుకుని నిలబడ్డాను. అక్కా తమ్ముళ్లిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడుస్తుంటే ఆ సంచి పట్టుకుని నిలబడటమే నా పనైంది. అంతకంటే మంచి పని నేనెప్పుడూ చెయ్యలేదనిపించింది.

ఆ రోజు నుంచి కాపలా వదిన గారిది. పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చునేది. ఎవరైనా బొండంతో వస్తే వీధి మొగలోనే ఆపేది. ఆవిడకి నాకంటే పెద్ద గొంతు.

"బొండం వద్దండి! మా వాడికి కాన్సరండి. అక్కడండి, ఒంటేలు దగ్గర. కిడ్నీలు చెడ్డాయండి. బొండం పోస్తే పోతాడండి. చూసి వెళ్లండి, వట్టి చేతుల్తో రండి!"

పూట తిరక్కుండా ఊరంతటికీ తెలిసిపోయింది. మొదటి రోజు మా వారు తువ్వాలు మొహం మీద కప్పుకున్నారు. రెండో రోజు సగం దించారు. ఆ తర్వాత, "అక్కా, కాస్త నెమ్మదిగా చెప్పు, ఓడలరేవు దాకా వినిపిస్తంది," అని లోపలి నుంచి ఆయనే వేళాకోళమాడేవారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ మొహం తిప్పుకోలేదు. బొండాలు తెచ్చిన వాళ్లు వాటిని వెనక్కి తీసుకెళ్లలేక వదిన గారికే ఇచ్చి పోయేవారు. ఆవిడ వాటిని దారే పోయే వాళ్లందరికీ చెక్కి ఇచ్చేది. ఇవ్వకుండా ఉండటం ఆవిడకి చేత కాదు పాపం. ఊళ్లో మా ఆయన వయసు మగవాళ్లు కొందరు ఒక్కొక్కరుగా, దొడ్డి గుమ్మం నుంచి వచ్చి, మంచం దగ్గరికి కుర్చీ లాక్కుని, నాకూ కొంచెం అలాగే ఉందండి అని గొణిగేవారు. అమలాపురం వెళ్లండి, వేడి కాదది, అని వాళ్లకి చెప్పేవారు ఆయన.

కిడ్నీలు మెల్లగా కోలుకున్నాయి. మందు మొదలుపెట్టారు. కాకినాడలో కొన్ని రోజులు ఉండి రావడం, మూడు వారాలకి మళ్ళీ వెళ్లడం. వాంతులు, నోటి పూత, జుట్టంతా దిండు మీదే. కనుబొమలు కూడా రాలిపోయాయి. "నీళ్లిగిరిపోయేయి, కురిడీ అయ్యేనే," అనేవారు గుండు నిమురుకుంటూ. నేను కోప్పడేదాన్ని. స్కానింగులో గడ్డ చాలావరకు కరిగిందన్నారు. గొట్టం తీసేసి ఇంటికి పంపారు, ఒంటేలు దానంతటది వస్తే మంచిదే, రాకపోతే మళ్ళీ వేస్తాం అని.

ఆ మధ్యాహ్నం వదిన గారూ, నేనూ అరుగు మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. దొడ్లోంచి కేక వినిపించింది.

"ఏమేవ్! అయ్యిందే! ధార కట్టిందే!"

పక్కింటి వాళ్లు కూడా విన్నారు. వదిన గారు లేచి నిలబడి చేతులు జోడించింది. నేను దొడ్లోకి పరిగెత్తాను. ఆయన చెంబు పట్టుకుని, పంచె తడుపుకుని, నవ్వుతూ నిలబడ్డారు. ఆ సిగ్గులన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు.

తర్వాత ఏడాది పైన బాగున్నారు. కాయ కొన్నారు, అటకెక్కించారు. అన్నిటికంటే, మాట్లాడారు. అన్నం సయించకపోతే సయించలేదని, భయమేస్తే భయమేసిందని చెప్పేవారు. అంతకుముందు కాపురమంతా నేను ఊహించుకుని బతికినవన్నీ ఇప్పుడు ఆయన నోటితో వింటుంటే, ఒక్కోసారి కొత్త మనిషెవరో ఇంట్లోకి వచ్చినట్టుండేది. ఈ మనిషిని ఇన్నాళ్లు ఎక్కడ దాచారండీ అని అడిగాను. నువ్వు మాట్లాడుతుంటే నాకు వంతెక్కడొచ్చిందే అన్నారు.

డాక్టరు గారు దాచలేదు గనక జబ్బు తిరిగి వస్తుందని తెలుసు. వచ్చింది. ఈసారి ఎముకల్లోకి, కాలేయంలోకి. మందు మళ్ళీ ఎక్కించారు గానీ ఈసారి అది లొంగలేదు. ఇంక చాలు, ఇంటికెళ్లిపోదాం అన్నారు ఆయనే. నొప్పికి మాత్రలిచ్చారు. నొప్పి ఎక్కడో, ఎలా ఉందో సరిగ్గా చెప్తేనే సరిపడా ఇవ్వగలం అన్నాడు ఆ విశాఖ అబ్బాయి. మా వారు చెప్పేవారు, ఏదీ దాచకుండా.

చివరి రోజుల్లో ఒక సాయంత్రం గది నిండా మనుషులున్నారు. వదిన గారు, అమ్మాయి, అల్లుడు, వీధిలో వాళ్లు. ఆయన మూలిగారు. నేను వంగి, ఎక్కడండీ అని అడిగాను. ఆయన నా చెయ్యి అందుకుని, దుప్పటి కిందకి తీసుకెళ్లి, పొత్తికడుపు కింద, తుంటి ఎముక మీద ఆనించారు.

"ఇక్కడే. చెయ్యి తియ్యకు," అన్నారు.

అందరూ చూస్తున్నారు. పెళ్లి పీటల మీద తప్ప నలుగురి ముందు ఆయన నా చెయ్యి పట్టుకోవడం నాకు గుర్తు లేదు. ఇంత నోరున్న దాన్ని, నాకే మొహం వేడెక్కిపోయింది.

"అందరూ ఉన్నారండీ," అన్నాను చిన్నగా.

"ఉండనీవే," అన్నారు. నా చెయ్యి వదల్లేదు.